ఎవరు ఎగిరారు, ఎవరు లెక్కపెట్టారు: ఒక చిన్న కెనడా ఎయిర్‌పోర్టు ప్రాజెక్టు డైరీ

జనవరి

మా ఊరి ఎయిర్‌పోర్టుకు ఉన్నది ఒకటే రన్‌వే. దక్షిణ ఒంటారియోలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి. మునిసిపాలిటీ ఆస్తి. విమానాలకు దారి చెప్పే కంట్రోల్ టవర్ లేదు, టికెట్ కొని ఎక్కే విమానం లేదు. ఒక ఫ్లయింగ్ స్కూలు, ఒక రిపేరు హ్యాంగరు, సొంత విమానాలున్న కొద్దిమంది ఆసాములు, అప్పుడప్పుడూ వచ్చిపోయే బిజినెస్ జెట్లు, అంతే. బడ్జెట్ సీజన్ వచ్చిందంటే చాలు, కౌన్సిల్ మీటింగులో అదే పంచాయితీ. ఒకాయన "ఏడాదికి ఇన్ని వేల మూవ్‌మెంట్లు ఉన్నాయి, రన్‌వే లైట్లు మార్చాల్సిందే" అంటాడు. ఇంకొకావిడ "అన్ని వేలుంటే మనుషులేరీ? నాకు ఒక్కరూ కనబడరే" అంటుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం.

ఎయిర్‌పోర్టు సలహా కమిటీలో నేనొక వాలంటీర్‌ని. పగలు ఒక గోడౌన్ల కంపెనీలో డేటా పని చేస్తాను, విమానాల పిచ్చి సాయంత్రాలకు. ఈ అంకె ఎందుకు పెరుగుతోందో, ఎందుకు తగ్గుతోందో తేల్చి, వీలైతే మన లెక్క మనమే పెట్టుకుందాం అన్నాను. మేనేజర్ గారు సరే అన్నారు. పైసా ఇవ్వలేనని కూడా అప్పుడే చెప్పేశారు.

ముందు మూవ్‌మెంట్ అంటే ఏమిటో చూడాలి. దేశ గణాంక సంస్థ స్టాటిస్టిక్స్ కెనడా లెక్కలో ఒక టేకాఫ్ ఒక మూవ్‌మెంట్, ఒక ల్యాండింగ్ ఇంకొకటి, ప్రాక్టీసు కోసం దిగుతున్నట్టు వచ్చి దిగకుండా లేచిపోయే సిమ్యులేటెడ్ అప్రోచ్ కూడా ఒకటి. లోపల ఎంతమంది కూర్చున్నారన్నది ఆ లెక్కకు పట్టదు. 50 సీట్ల డాష్ 8 నిండుగా దిగి, మళ్లీ నిండుగా లేచిందనుకోండి: 100 మంది ప్రయాణికులు, 2 మూవ్‌మెంట్లు. అదే గంటలో ఒక కుర్రాడు ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి సెస్నా 172 అనే చిన్న విమానంలో సర్క్యూట్లు, అంటే రన్‌వే చుట్టూ రౌండ్లు, కొట్టాడనుకోండి. చక్రం రన్‌వేకి తాకించి ఆగకుండా మళ్లీ లేస్తాడు. ఆ టచ్ అండ్ గో ఒక్కోటీ ల్యాండింగుతో ఒకటి, టేకాఫ్‌తో ఒకటి, మొత్తం రెండు. గంటకు 8 సర్క్యూట్లు పడితే 16 మూవ్‌మెంట్లు. విమానంలో ఉన్నది ఇద్దరు. కౌన్సిల్లో ఆవిడకు మనుషులు కనబడకపోవడంలో వింతేమీ లేదు.

ఫిబ్రవరి

మంచు తవ్వడం, పట్టికలు దించుకోవడం. ఈ నెలంతా ఈ రెండే పనులు.

స్టాటిస్టిక్స్ కెనడా పట్టికలు ఉచితంగానే దొరుకుతాయి. టవర్ ఉన్న ఎయిర్‌పోర్టులు ఒక కట్ట, టవర్ లేనివి ఇంకో కట్ట. లోపల విమానం ఎవరిది (ఎయిర్‌లైనా, వేరే కమర్షియలా, ప్రైవేటా, ప్రభుత్వానిదా), ఇంజను ఏ రకం, బరువు ఎంత అన్న విభజనలుంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది లోకల్, ఇటినరెంట్ అన్న రెండు గదులు. సర్క్యూట్ దాటకుండా అక్కడక్కడే తిరిగితే లోకల్. వేరే ఊరికి వెళ్లినా, వేరే ఊరి నుంచి వచ్చినా ఇటినరెంట్.

తిరకాసు ఇక్కడే ఉంది. సర్క్యూట్ వదిలి బయటికి వెళ్లి, ఎక్కడా దిగకుండా తిరిగి వచ్చినా అది ఇటినరెంటే. అంటే స్టూడెంటు పక్కనున్న ప్రాక్టీస్ ఏరియాకి వెళ్లి గంటసేపు స్టాల్స్, స్టీప్ టర్న్స్ లాంటి విన్యాసాలు చేసి ఇంటికొస్తే, అది కాగితం మీద ప్రయాణాల గదిలోకే వెళుతుంది. "లోకల్ తీసేసి ఇటినరెంట్ మాత్రమే చూపిస్తే నిజమైన రాకపోకలు తెలుస్తాయి" అని కమిటీలో ఒకరు అన్నారు. మా ఊళ్లో ఆ సూత్రం పనిచేయదు. ఇటినరెంట్‌లో కూడా పెద్ద వాటా స్కూలుదే.

రెండో ప్రశ్న, ఎవరు లెక్కపెట్టారు? కెనడాలో ఎయిర్ ట్రాఫిక్ సేవలు 1996 నవంబర్ 1న ట్రాన్స్‌పోర్ట్ కెనడా చేతి నుంచి నావ్ కెనడా అనే లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థకి వెళ్లాయి. టవర్ ఉన్నచోట వాళ్ల మనుషులు కళ్లతో చూస్తూ రాస్తారు. పైలట్లకు రేడియోలో సమాచారం ఇచ్చే ఫ్లైట్ సర్వీస్ స్టేషన్ ఉన్నచోట స్పెషలిస్టు రేడియోలో విని రాస్తాడు. కొన్ని ఎయిర్‌పోర్టులకు ఆ సేవ ఎక్కడో దూరంగా ఉన్న స్టేషన్ నుంచే అందుతుంది. ఆ స్పెషలిస్టు ఆ రన్‌వేని ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. ఇవేవీ లేని మా లాంటి చోట ఆఫీసులో ఉన్న మనిషి కిటికీలోంచి చూసి గీతలు గీస్తాడు. ఆయన భోజనానికి వెళితే గీత పడదు. సాయంత్రం 5 తర్వాత అసలే పడదు.

అందుకే గ్రాఫ్‌లో ఎక్కడైనా మెట్టులాగా ఒక్కసారిగా పడిపోయినా, లేచినా నేను ముందు వాతావరణం వైపు చూడటం లేదు. ఆ నెలలో లెక్క పెట్టే ఏర్పాటు మారిందా అని చూస్తున్నాను. టొరంటో పక్కన బటన్‌విల్ మంచి ఉదాహరణ. 2019 మొదట్లో అక్కడ టవర్ మూసేశారు. విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. 2023 నవంబరులో ఎయిర్‌పోర్టే మూతపడింది. ఈ రెండు తేదీలూ తెలియనివాడు అదే సీరీస్‌ని చూస్తే రెండుసార్లు వ్యాపారం దెబ్బతిందనుకుంటాడు.

మార్చి

బటన్‌విల్‌ని అంత తేలిగ్గా వదల్లేను, ఎందుకంటే చిన్న ఎయిర్‌పోర్టుల అంకెల్లో ఒక్క అద్దెదారుడి బలం ఎంతో అక్కడే తెలుస్తుంది. సెనెకా కాలేజీ తన ఏవియేషన్ కోర్సును 2014లో బటన్‌విల్ నుంచి పీటర్‌బరోకి తీసుకెళ్లింది. కొత్త ప్రయాణికులెవరూ పుట్టలేదు, కొత్త వ్యాపారమేదీ రాలేదు. అవే స్టూడెంట్లు, అవే సర్క్యూట్లు, ఊరు మారింది. ఎడ్మంటన్ నగరం మధ్యలో ఉన్న సిటీ సెంటర్ ఎయిర్‌పోర్టును 2013 నవంబర్ 30న మూసేసినప్పుడూ అంతే, చిన్న విమానాలు చుట్టుపక్కల ఫీల్డులకు చెదిరిపోయాయి. ఒక ఊరి అంకె పెరిగితే పక్క ఊరిలో ఏం పోయిందో చూడాలి. నా పట్టికలో "80 కిలోమీటర్లలోపు మిగతా ఎయిర్‌పోర్టులు" అని ఒక కాలమ్ చేర్చాను.

వాంకూవర్ దక్షిణాన బౌండరీ బే చూడండి. షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్ ఒక్కటీ దిగదు, అయినా మూవ్‌మెంట్ల వరసలో దేశంలో బాగా బిజీగా ఉండే వాటిలో ఒకటి. ఫ్లయింగ్ స్కూళ్ల పుణ్యం. ప్రయాణికుల పట్టిక పక్కన పెట్టుకుంటే రెండూ వేర్వేరు దేశాలవేమో అనిపిస్తుంది.

ఈ నెలే రిసీవరు బిగించాం. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, రేడియో డాంగిల్ ఒకటి, 1090 మెగాహెర్ట్జ్ యాంటెనా ఒకటి. విమానాలు ఏడీఎస్-బి అనే పద్ధతిలో తమ స్థానం, ఎత్తు తామే చాటుకుంటూ పోతాయి. దాన్ని పట్టుకుని రన్‌వే చుట్టూ ఒక గీత గీసి, లోపల కిందికి దిగినవాటినీ పైకి లేచినవాటినీ లెక్కపెట్టాలి. చెప్పినంత సులువేం కాదు. విమానం పంపే ఎత్తు ప్రామాణిక పీడనం 29.92 అంగుళాల మీద వేసిన లెక్క. చలికాలంలో గాలి బరువెక్కి ఆల్టిమీటర్ సెట్టింగ్ (ఎత్తు చూపే మీటరులో ఆ రోజు పీడనాన్ని బట్టి పెట్టే అంకె) 30.50కి చేరిన రోజున, విమానాలు నిలిపే మా ఏప్రన్ మీద ఆగి ఉన్న విమానం అసలు ఎత్తుకన్నా సుమారు 550 అడుగులు కింద ఉన్నట్టు చెబుతుంది. అల్పపీడనం వచ్చిన రోజున దానికి విరుద్ధంగా, నేల మీదున్నదే గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ప్రతి గంటకీ వచ్చే వాతావరణ రిపోర్టులోంచి ఆల్టిమీటర్ సెట్టింగ్ తీసుకుని దిద్దుతున్నాను. ఇది లేకుండా "500 అడుగుల కిందికి వస్తే ల్యాండింగు" అని రూలు రాసుకుంటే ఫిబ్రవరిలో సర్క్యూట్ మొత్తం ల్యాండింగే అయిపోతుంది.

ఇంకా పెద్ద చిక్కు, అందరూ చాటుకోరు. కెనడాలో ఏడీఎస్-బి తప్పనిసరి చేసింది పైనున్న గగనతలాల్లోనే: క్లాస్ ఏలో 2023 ఆగస్టు నుంచి, క్లాస్ బిలో 2024 మే నుంచి. కింద, టవర్ లేని చోట తిరిగే పాత పైపర్ కబ్ లాంటి చిన్న విమానానికి ఆ బాధ్యత లేదు. స్కూలు విమానాలు కొత్తవి కాబట్టి బాగానే దొరుకుతున్నాయి. సొంత విమానాల ఆసాములు, ఇంట్లో కట్టుకున్న విమానాల వాళ్లు దాదాపు కనబడటం లేదు. కనబడేవాళ్లను మాత్రమే లెక్కపెడితే స్కూలు వాటా ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. ఇప్పటికే ఎక్కువ, దానికి తోడు ఇదొకటి.

ఏప్రిల్

ఎండ వచ్చింది. ఫెన్సు పక్కన కుర్చీ వేసుకుని, చేతి రేడియో పెట్టుకుని, కళ్లతో చూసి రాసిన లెక్కను రిసీవరు లెక్కతో పోల్చే పని.

సర్క్యూట్‌ని దగ్గరగా చూడటం నాకు విసుగు పుట్టదు. "డౌన్‌విండ్, టచ్ అండ్ గో" అని గొంతు వినిపిస్తుంది. రన్‌వేకి సమాంతరంగా సాగే ఆ దారి దాటి బేస్ తిరుగుతుంది, రన్‌వేకి ఎదురుగా ఫైనల్‌కి వస్తుంది, ముక్కు కొంచెం లేస్తుంది, వెనక చక్రాలు కీచుమని ఒక చిన్న పొగ తుంపు వదులుతాయి. రెక్కల ఫ్లాప్స్ పైకి వెళతాయి, ఇంజను మోత పెరుగుతుంది, రన్‌వే సగం కాకముందే మళ్లీ గాల్లో. కాగితం మీద రెండు గీతలు. కొందరు పూర్తిగా ఆగి అక్కడి నుంచే లేస్తారు, కొందరు రన్‌వే దిగి టాక్సీ చేసుకుంటూ మొదటికి వస్తారు. వాటికీ రెండే, కానీ రెండో పద్ధతిలో గంటకు పడే సర్క్యూట్లు తగ్గిపోతాయి. ఒంటరిగా ఎగిరే సోలో స్టూడెంట్లు టచ్ అండ్ గో చేయకూడదని స్కూలు ఒక రూలు పెట్టుకుంటే చాలు, విద్యార్థులు తగ్గకుండానే మూవ్‌మెంట్లు తగ్గుతాయి. మా స్కూలు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారిని ఇలాంటి రూళ్లు ఎప్పుడెప్పుడు మార్చారో అడిగి తేదీలు రాసుకున్నాను. గ్రాఫ్‌లో ఒక పల్లం అలాగే తేలింది.

గాలి అడ్డంగా కొట్టి, చక్రం తాకకుండానే పవర్ పెట్టి లేచిపోతే దాన్ని ఇక్కడ ఓవర్‌షూట్ అంటారు. అది రాయాలా వద్దా? పరికరాల సాయంతో దిగే ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌ని ప్రాక్టీస్ కోసం చేస్తే సిమ్యులేటెడ్ కింద రాయాలి. గాలి వల్ల అయితే కిటికీ దగ్గరున్న మనిషి ఇష్టం. ఇద్దరు ఉద్యోగులున్నారు, ఇద్దరి అలవాటూ వేరు. ఒకాయన సెలవు పెట్టిన వారాల్లో అంకె కొంచెం మారుతుంది!

రేడియో రికార్డింగులతో కూడా లెక్క కడుతున్నాను. అందులో ఒక గమ్మత్తు ఉంది. టవర్ లేని ఫీల్డులు ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకుంటాయి కాబట్టి దూరాన ఉన్న ఇంకో ఊరి సర్క్యూట్ కూడా మా స్పీకర్లో వినబడుతుంది. మాటకు ముందు ఊరి పేరు చెప్పే పద్ధతి ఉంది కాబట్టి బతికిపోయాం. ఊరి పేరు మింగేసేవాళ్లూ ఉంటారు.

రేడియో వల్ల దొరికిన అసలు నిధి రాత్రిపూటది. మా రన్‌వే లైట్లు రాత్రి ఆరిపోయి ఉంటాయి. వచ్చే పైలట్ మైక్ బటన్‌ను 5 సెకన్లలో 7 సార్లు నొక్కితే వెలుగుతాయి. ఆ క్లిక్కులు రికార్డింగులో టకటకా వినబడతాయి. అర్ధరాత్రి దాటాక క్లిక్కులు, కాసేపటికి టర్బోప్రాప్ శబ్దం, మళ్లీ గంటకు టేకాఫ్. ఎక్కువగా రోగులను తరలించే మెడివాక్ విమానాలే. ఒంటారియోలో ఆర్న్జ్ ఎయిర్ అంబులెన్సు సంస్థ పిలాటస్ పీసీ-12లు, హెలికాప్టర్లు నడుపుతుంది. రోగి ఎప్పుడు బయలుదేరాలో ఆఫీసు టైమింగ్స్ చూసి నిర్ణయమవదు కదా. రన్‌వే లైట్ల గురించి కౌన్సిల్లో జరిగే చర్చకు అన్నిటికన్నా పనికొచ్చే విమానాలు ఇవే. అధికారిక కాగితంలో మాత్రం వీటి జాడ లేదు, ఎందుకంటే ఆ వేళకు గీత గీసే మనిషి ఇంట్లో నిద్రపోతుంటాడు.

మే

విజిబిలిటీ, మేఘాల ఎత్తు, గాలి, పగటి పొడవు. ఈ నాలుగూ కలిపి "ఎగరగలిగే గంటలు" అని ఒక అంకె కట్టాను. ఎన్విరాన్‌మెంట్ కెనడా పాత గంటగంట వివరాలు దించుకోనిస్తుంది, అది పెద్ద ఉపకారం.

కంటితో చూసి ఎగిరే వీఎఫ్ఆర్ విమానానికి ఎయిర్‌పోర్టు చుట్టూ ఉండే నియంత్రిత గగనతలంలో, అంటే కంట్రోల్ జోన్లో, కనీసం 3 మైళ్ల విజిబిలిటీ ఉండాలి. స్కూళ్లు సోలో స్టూడెంట్లకు అంతకన్నా గట్టి హద్దులు పెట్టుకుంటాయి. అడ్డగాలికి వేరే హద్దు. ఒకే రన్‌వే ఉన్న ఫీల్డుకు అడ్డగాలి శాపం. రెండు రన్‌వేలున్న పక్క ఊరు అదే గాలిలో పనిచేస్తుంది. మా దగ్గర పగటి పొడవు డిసెంబరులో సుమారు 9 గంటలు, జూన్‌లో 15న్నర. డిసెంబరుని జూన్‌తో పోల్చి "ట్రాఫిక్ పడిపోయింది" అని రాసే లోకల్ వార్తలు చూస్తే నవ్వొస్తుంది. పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలి. అలా పోల్చినా ఆ నెలలో శనివారాలు నాలుగా ఐదా, ఈస్టర్ మార్చిలో పడిందా ఏప్రిల్లో పడిందా అన్నవి చూసుకోవాలి.

చలి ఒక్కటే అయితే ఫర్వాలేదు. పొడి చలిలో ఇంజను వేడి చేసుకుని హాయిగా ఎగురుతారు, చల్లగాలిలో రెక్కకు లిఫ్ట్ కూడా బాగా దొరుకుతుంది. పడగానే గడ్డకట్టే వాన, ఫ్రీజింగ్ రెయిన్, అయితే రోజు పోయినట్టే. మూవ్‌మెంట్లు ఎందుకు మారుతున్నాయో చూడటానికి కడుతున్న మా గణాంక మోడల్లో సగటు ఉష్ణోగ్రత పెద్దగా ఏమీ చెప్పలేకపోతోంది, సున్నా చుట్టూ ఊగిసలాడే తడి రోజులు మాత్రం చాలా చెబుతున్నాయి. నవంబరు జనవరికన్నా దారుణంగా ఉండటానికి కారణం అదే.

జూన్

స్కూల్లో తెలుగు వినబడుతుంది. ఇక్కడికి హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు. నల్గొండ కుర్రాడు ఒకడు నా యాంటెనా చూసి "అన్నా, ఇది మమ్మల్ని పట్టుకోవడానికా?" అని అడిగాడు. కాదు తమ్ముడూ, రిజిస్ట్రేషన్ నంబర్లు కూడా దాచుకోవడం లేదు, గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చేస్తున్నాను అని చెప్పాను. బేగంపేటలో ట్రైనింగ్ విమానాలు చూస్తూ పెరిగాడట. ఇక్కడ 200 గంటలు పూర్తి చేసి, ఇంటికెళ్లి భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలు రాసి లైసెన్సు మార్చుకుంటాడట.

వాడి దగ్గర నేర్చుకున్నది నా పట్టికలో అన్నిటినీ మించి పనికొచ్చింది. ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 45 గంటలు, కమర్షియల్‌కు మొత్తం 200. మొదటి నెలల్లో స్టూడెంటు సర్క్యూట్లోనే తిరుగుతాడు, గంటకు 16 మూవ్‌మెంట్ల దాకా. తర్వాత దూరపు ఊళ్లకు ఎగిరే క్రాస్ కంట్రీ గంటలు పోగేసుకునే దశలో మూడు గంటలు ఎగిరినా మా ఊరికి పడేవి రెండే. మిగతావి వేరే ఊళ్ల ఖాతాలో. అంటే స్టూడెంట్ల సంఖ్య ఒకటే ఉన్నా, బ్యాచి ఏ దశలో ఉందో దాన్ని బట్టి అంకె ఎన్నో రెట్లు మారుతుంది. సెప్టెంబరులో కొత్త బ్యాచి వచ్చాక, మొదటి సోలోలకు ముందు వారాల్లో మా గ్రాఫ్ ఎందుకు ఎగిరిపడుతుందో అప్పుడు అర్థమైంది.

ఇంకా అడిగితే ఇంకా చెప్పాడు. రెండు విమానాలు 100 గంటల ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాయి, స్లాట్ దొరకడం లేదు. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఎయిర్‌లైన్లోకి వెళ్లిపోయారు, కొత్తవాళ్లు ఇంకా రాలేదు. ఎయిర్‌లైన్లు జోరుగా పైలట్లను తీసుకుంటే స్కూళ్లలో ఇన్‌స్ట్రక్టర్లు ఖాళీ అవుతారు, నేర్చుకుందామని వచ్చేవాళ్లేమో పెరుగుతారు. డిమాండు పెరిగిన ఏడాదే మూవ్‌మెంట్లు తగ్గే విచిత్రం ఇలా జరుగుతుంది. 2024 జనవరిలో కెనడా కేంద్ర ప్రభుత్వం విదేశీ స్టూడెంట్ల పర్మిట్లకు పరిమితి ప్రకటించింది, ఆ తేదీని కూడా మోడల్లో గుర్తు పెట్టాను.

జూలై, ఆగస్టు

ఎండాకాలం గురించి రాయాలంటే అడవి మంటల గురించి రాయాలి. పొగ వస్తే స్కూలు కదలదు. 2023 జూన్‌లో క్యూబెక్, ఒంటారియో మంటల పొగ ఇటు కమ్మేసిన రోజులు పాత డేటాలో స్పష్టంగా గుంటల్లా ఉన్నాయి.

మంటకు దగ్గరున్న ఊళ్లలో కథ వేరు. అల్బర్టాలో స్లేవ్ లేక్, వైట్‌కోర్ట్ లాంటి చోట్ల మంటలార్పే ఎయిర్ ట్యాంకర్ విమానాల బేసులున్నాయి. బ్రిటిష్ కొలంబియాలో పెంటిక్టన్‌లో ఉంది. అక్కడ మంట రేగితే ట్యాంకర్లు, వాటికి దారి చూపే చిన్న విమానాలు, హెలికాప్టర్లు రోజంతా దిగుతూ లేస్తూ ఉంటాయి. ఊరు ఖాళీ అవుతుంటే అంకె పెరుగుతుంది. 2023 ఆగస్టులో సుమారు 20,000 మంది ఉన్న యెల్లోనైఫ్‌ను ఖాళీ చేయించారు. అదే రోజుల్లో కెలోనాలో మంటలార్పే విమానాలకు దారివ్వడానికి మామూలు విమానాలను ఆపేశారు. రెండూ మంటలే; ఒకచోట తరలించే విమానాలు పెరిగాయి, ఇంకోచోట రోజువారీవి ఆగిపోయాయి. "అడవి మంటల ప్రభావం" అని ఒకే కాలమ్ పెడితే ప్లస్, మైనస్ కొట్టేసుకుని సున్నా వస్తుంది. మూడుగా విడగొట్టాను: పొగ, బేసు, గగనతల నిషేధం.

ఉత్తరాన మంచు కూడా ఇలాగే ఆడిస్తుంది. యెల్లోనైఫ్ ఈశాన్యాన వజ్రాల గనులకు చలికాలంలో గడ్డకట్టిన సరస్సుల మీదుగా లారీల దారి వేస్తారు. రెండు నెలల పని. 2006లో వేడెక్కి ఆ దారి ముందే మూసేయాల్సి వచ్చింది, మిగిలిపోయిన సరుకును ఆ ఏడాది విమానాల్లో మోశారు. రోడ్డు కరిగితే మూవ్‌మెంట్లు పెరుగుతాయి. ఇలాంటిది ఏ ఆర్థిక సూచికలో దొరుకుతుంది?

సెప్టెంబర్

ఎయిర్‌లైన్ సర్వీసున్న చిన్న ఎయిర్‌పోర్టులను మా దానితో పోల్చమని కమిటీ అడిగింది. పోల్చాను, కానీ పోలిక పెద్దగా కుదరదు.

2020 జూన్ 30న ఎయిర్ కెనడా 30 దేశీయ రూట్లను నిరవధికంగా ఆపేస్తున్నట్టు, 8 స్టేషన్లు మూసేస్తున్నట్టు ప్రకటించింది: బాథర్స్ట్, వాబుష్, గాస్పే, బే-కోమో, మోంజోలీ, వాల్-డోర్, కింగ్‌స్టన్, నార్త్ బే. ఈ ఊళ్లకు అది పెద్ద దెబ్బ, ప్రయాణికుల వైపు నుంచి చూస్తే. మూవ్‌మెంట్ల వైపు నుంచి చూస్తే, రోజుకు మూడు ఫ్లైట్లు పోతే పోయేవి 6. నాలుగు చిన్న విమానాలున్న స్కూలు ఒక మంచి ఉదయంలో దాన్ని పూడ్చేస్తుంది. కాబట్టి అంకె బాగానే ఉన్నట్టు కనబడుతూ ఊరు ఒంటరైపోవచ్చు.

విమానం సైజు ఇంకో మాయ. ఒకప్పుడు చిన్న ఊళ్లకు 18 సీట్ల బీచ్ 1900లు, 37 సీట్ల డాష్ 8-100లు వచ్చేవి. వాటి బదులు 78 సీట్ల క్యూ400 వస్తే సగం ఫ్లైట్లతో అంతే జనాన్ని మోస్తారు. మూవ్‌మెంట్లు సగానికి పడతాయి, జనం తగ్గరు. ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చే సౌకర్యం మాత్రం పోతుంది, అది ఏ పట్టికలోనూ ఉండదు. 2019లో ఉత్తరాన ఫస్ట్ ఎయిర్, కెనేడియన్ నార్త్ కలిసిపోయాయి; రెండు కంపెనీలు ఒకే పల్లెకు సగం ఖాళీ విమానాలు నడిపే రోజులు అలా ముగిశాయి. ఫోర్ట్ మెక్‌ముర్రేలో చమురు ధర 2014 చివర్లో కుప్పకూలాక ఎయిర్‌పోర్టు రాకపోకలు తగ్గాయి, కానీ అక్కడ ఆల్బియన్, హొరైజన్, ఫైర్‌బ్యాగ్ అని కంపెనీల సొంత రన్‌వేలు కూడా ఉన్నాయి. పనివాళ్లను తిన్నగా క్యాంపుకే దించే చార్టర్ విమానం ఊరి ఎయిర్‌పోర్టు పుస్తకంలోకి రాదు.

డబ్బులు మాత్రం మూవ్‌మెంట్లు, ప్రయాణికులు అన్న రెండు అంకెల్లో ఒకదాన్నే చూస్తాయి. 1995 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌పోర్టుల సహాయ పథకానికి అర్హత రావాలంటే ఏడాదికి కనీసం 1,000 మంది షెడ్యూల్డ్ ప్రయాణికులుండాలి. మా ఊరికి ఎన్ని వేల మూవ్‌మెంట్లున్నా ఆ తలుపు తెరుచుకోదు. టవర్ల విషయంలో మూవ్‌మెంట్లకు విలువుంది. 2020లో నావ్ కెనడా విండ్సర్, సూ సెయింట్ మరీ, వైట్‌హార్స్ లాంటి ఏడు చోట్ల టవర్ అవసరమా అని స్టడీలు మొదలుపెట్టింది, ఊళ్లు గోల చేశాయి, 2021 ఏప్రిల్లో మూసేయడం లేదని చెప్పింది. కోవిడ్ నెలల అంకెలు పట్టుకుని అలాంటి నిర్ణయాలు చేస్తే ఏమయ్యేదో!

అక్టోబర్

మోడల్ నిలబడింది. నెలవారీ మూవ్‌మెంట్లకు నెగెటివ్ బైనామియల్ రిగ్రెషన్ అనే గణాంక పద్ధతి వాడాను, ఎందుకంటే లెక్కల్లో ఊగుడు సగటుకన్నా చాలా ఎక్కువ. మా ఫీల్డులో ముందు వరసలో వచ్చినవి: ఎగరడానికి సిద్ధంగా ఉన్న స్కూలు విమానాల సంఖ్య, బ్యాచి ఉన్న దశ, ఎగరగలిగే గంటలు. ఆ తర్వాత, చాలా దూరంలో, మిగతావన్నీ. ఊరి జనాభా, ఉద్యోగాలు, పెట్రోలు ధర పెట్టి చూశాను. ఏమీ కదల్లేదు. అవి పదేళ్ల గ్రాఫులో పనికొస్తాయేమో గానీ నెలల గ్రాఫులో గాలే రాజు.

చిన్న విమానాల పెట్రోలు, ఎవ్‌గ్యాస్, అమ్మకాలతో కూడా సరిచూశాను. ఇది తేలికైన, నమ్మకమైన సాక్షి: బిల్లులుంటాయి, భోజన విరామం ఉండదు. మూవ్‌మెంట్లు పడిపోయి లీటర్లు పడిపోకపోతే పిల్లలు క్రాస్ కంట్రీలకు వెళుతున్నారని అర్థం. మా ఊళ్లో పోయినసారి కౌన్సిల్ని కంగారు పెట్టిన తగ్గుదల అదే. స్కూలుకేమీ కాలేదు.

కమిటీ ముందు పెట్టినప్పుడు మనుషులేరీ అని అడిగే ఆవిడ అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు వేసింది. రాత్రి మెడివాక్‌లు లెక్కలో లేవన్న చోట ఆగి, ఆ పేజీ కాపీ అడిగి తీసుకుంది. లైట్ల గురించి ఏ మాటా ఇవ్వలేదు. మూవ్‌మెంట్ల ఆయనకు మాత్రం తన అంకెలో ఎక్కువ భాగం సర్క్యూట్లే అని నచ్చలేదు. "అయినా రన్‌వే అరిగేది వాటివల్లే కదా" అన్నాడు. సెస్నా బరువుకు తారు అరిగేదెంత, మంచు తోసే బ్లేడుకు అరిగేదెంత అని మేనేజర్ గారు అందుకున్నారు. ఆ చర్చ అక్కడ వదిలేసి వచ్చాను.

నవంబర్ నుంచి ఆఫీసు ఫారం మారుతోంది. ఒకే "మొత్తం" బదులు సర్క్యూట్, ప్రాక్టీస్ ఏరియా, వేరే ఊరు అని మూడు గళ్లు. ఓవర్‌షూట్‌కి వేరే గడి, కారణంతో సహా. కింద "ఈ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా చూశాం" అని ఒక వరస, దాన్ని ఖాళీ వదిలితే ఆ రోజు లెక్క తీసుకోను. రాత్రి క్లిక్కుల లెక్క రిసీవరు నుంచి తిన్నగా వస్తుంది. పక్క ఊరి మేనేజరు కూడా ఫారం పంపమన్నారు. వాళ్లకు రెండు రన్‌వేలున్నాయి, ఏ రన్‌వే అన్న గడి ఇంకొకటి కలపాలి.